అమ్మమ్మకి నూటికి నూరు మార్కులు

నా చిన్నప్పుడు, అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో మేముండే అపార్ట్‌మెంట్‌లో, మా అమ్మమ్మ ఒక రోజంతా అన్నిటినీ ‘చెంచా’ అంది. నాకు తొమ్మిదేళ్ళు, వేసవి సెలవులు. అమ్మానాన్నా ఆఫీసులకి వెళ్ళారు. నీళ్ళు కావాలన్నా చెంచా, టీవీ కట్టెయ్యమన్నా చెంచా. ఇదేదో కొత్త ఆట అనుకుని నేనూ చెంచా, చెంచా అంటూ పడీపడీ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా నా బుర్రకి ఎక్కలేదు. సాయంత్రం అమ్మ వచ్చి, ఆవిడ ముఖం ఒక పక్కకి జారి ఉండడం చూసి, చేతిలో సంచి అక్కడే వదిలేసింది.

ఆసుపత్రిలో స్కాన్ తీసి స్ట్రోక్ అన్నారు. మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టిందట. తీసుకురావడం బాగా ఆలస్యమైందని డాక్టరు అమ్మతో అనడం విన్నాను. ఎవరి వల్లో ఎవరూ అనలేదు, నాకు తెలుసు. చూడ్డానికొచ్చిన పక్కింటి ఆంటీ, పెద్దావిడకి మతి పోయినట్టుంది, ఇండియా పంపించెయ్యమని గుసగుసగా సలహా ఇచ్చింది.

మర్నాడు స్పీచ్ థెరపిస్ట్ వచ్చింది. తెల్లజుట్టు అమెరికన్ ఆవిడ, చేతిలో బొమ్మల అట్టలు. మాటల పరీక్ష చేస్తానంది. అమ్మ ఇన్సూరెన్స్ కాగితాల కోసం కిందికి వెళ్ళింది. ఫోన్‌లో తెలుగు అనువాదకురాలు దొరికేదాకా ఆగుదామని థెరపిస్ట్ అంటే, నేను చెప్తానని నేనే ముందుకొచ్చాను. పరీక్ష అంటే మా ఇంట్లో ఒకటే అర్థం. తొంభై ఐదు వస్తే మిగతా ఐదూ ఎక్కడ పోయాయని అడిగే ఇల్లు మాది. అమ్మమ్మ ఈ పరీక్ష తప్పితే ఇండియా పంపించేస్తారని నా భయం.

గడియారం బొమ్మ చూపిస్తే అమ్మమ్మ చెంచా అంది. నేను ఇంగ్లీషులో గడియారం అని చెప్పాను. చెట్టుకీ చెంచాయే, కుర్చీకీ చెంచాయే. నేను చక్కగా చెట్టు అన్నాను, కుర్చీ అన్నాను. అమ్మమ్మ బెదురుగా నా వైపు చూసింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

థెరపిస్ట్‌కి తెలుగు ఒక్క ముక్క రాదు, కానీ చెవులున్నాయి కదా. మూడు బొమ్మలకీ అమ్మమ్మ నోట ఒకే చప్పుడు వచ్చింది. ఆవిడ అట్టలు పక్కనపెట్టి, నా పక్కన కూర్చుని, నెమ్మదిగా ఇంగ్లీషులో అంది: “ఆమె మాటల్ని నువ్వు బాగుచేస్తే, దెబ్బ ఎక్కడ తగిలిందో నాకు కనబడదు. ఆమె ఏమంటే అదే చెప్పు.”

తర్వాత నాచేత అమ్మమ్మని తలుపు చూపించమని అడిగించింది. చూపించింది. మనం ఇండియాలో ఉన్నామా అని అడిగిస్తే తల అడ్డంగా ఊపింది. మతి ఎక్కడికీ పోలేదు. దీన్ని అఫేజియా అంటారట. మనిషికి అన్నీ తెలుస్తూనే ఉంటాయి, మాటే నోటిదాకా రాదు. అంటే నిన్న నేను నవ్వుతున్నంతసేపూ ఆవిడకి అన్నీ తెలుసు. ఆ సంగతి అర్థమయ్యాక నాకు ఏడుపు ఆగలేదు.

ఎన్నో నెలలు థెరపీ సాగింది. బొమ్మ చూపించి మొదటి అక్షరం అందించడం, పాటలు పాడించడం. నీళ్ళు అడగలేని మనిషి హారతి పాట పొల్లుపోకుండా పాడేది. పాడుతూ పాడుతూ కొన్ని మాటలు రాబట్టింది. నా పేరు మాత్రం ఎన్నడూ రాలేదు. చివరిదాకా నన్ను చెంచా అనే పిలిచింది. నేనూ పలికాను.

ఇప్పుడు నా జుట్టూ నెరుస్తోంది. పోయిన వారం, ఎండ కాస్తున్న పొద్దున, మా అమ్మ గుమ్మంలో నిలబడి గొడుగిమ్మంది. కళ్ళు మాత్రం కారు తాళాల మీదున్నాయి. మళ్ళీ గొడుగు అంది. మా అమ్మాయి నవ్వుతూ, “కీస్ కావాలా అమ్మమ్మా?” అని అందించబోయింది. దాని చెయ్యి పట్టుకుని ఆపాను. వెంటనే ఎమర్జెన్సీకి ఫోన్ చేశాను. ఆవిడ ఏమంటోందని అవతలివాళ్ళు అడిగారు.

“గొడుగు అంటోంది,” అని ఉన్నదున్నట్టు చెప్పాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఈసారి నేను నవ్వలేదు.