నసీం చాచా పెట్టని సంతకం

2022. ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. నేను ఫాంట్లు తయారుచేస్తాను. ఫోన్లో కనిపించే ప్రతి అక్షరాన్నీ ఎవరో ఒకరు కూర్చుని గీశారంటే చాలామంది నమ్మరు. అప్పటికి ఎనిమిదేళ్ళుగా తెలుగు, బెంగాలీ అక్షరాలు గీస్తున్నాను. ఆ ఏడు కోల్‌కతా ప్రచురణకర్త ఒకాయన పాత పారశీక పుస్తకాలు మళ్ళీ అచ్చువేస్తానని, నస్తాలీక్ ఫాంట్ కావాలని వచ్చాడు. నస్తాలీక్ అంటే పారశీకుల వాలు రాత. మాట కుడివైపు పైన మొదలై ఎడమవైపు కిందికి జారుతుంది. పక్కన ఏ అక్షరం వస్తే దాన్నిబట్టి ప్రతి అక్షరమూ రూపు మార్చుకుంటుంది. మా వృత్తిలో చాలామంది దాని జోలికి పోరు.

రాసే మనిషి ఊళ్ళోనే దొరికాడు. ఖరిదాలో ఉండే నసీం చాచా. రైల్వే వర్క్‌షాప్‌లో వ్యాగన్ల మీద నంబర్లు వేసి రిటైరైన పెయింటర్. ముప్ఫై ఏళ్ళు అక్కడి తెలుగువాళ్ళ పక్కన పనిచేసి మన తెలుగే మాట్లాడతాడు. వయసులో ఉండగా ఒక ఉస్తాద్ దగ్గర నస్తాలీక్ నేర్చుకుని, రోజూ పొద్దున్నే సాధన చేస్తూ వచ్చాడు. ఆయన కాగితం మీద రాయాలి, నేను వాటిని గ్లిఫ్‌లుగా, అంటే ఫాంట్‌లోని అక్షర రూపాలుగా మార్చాలి. ఫాంట్ లోపలా, పుస్తకం మొదటి పేజీలోనూ ఇద్దరి పేర్లూ వేయాలని ప్రచురణకర్త మాట.

మొదటిరోజు ఆయన రెల్లు కలం చెక్కి, సిరాలో ముంచి, ఒక చుక్క పెట్టాడు.

"ఈ సుక్కే మనకి కొలబద్ద, బేటీ. మొదటి అచ్చరం అలిఫ్ మూడు సుక్కల పొడుగు. ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే."

తర్వాత 'నూన్' అనే అక్షరం ఒక్క ఊపులో రాసేశాడు. దాని వంపు స్క్రీన్ మీద గీయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకున్నాను. ప్రింటు తీసి చూపిస్తే బొటనవేలితో తడిమాడు.

"ఇక్కడ సాపు సేసినావా?"

"ఔను చాచా. అంచు గరుగ్గా ఉందని..."

"గరుకు కాదమ్మా. అక్కడ కలం ఊపిరి తీసుకుంటాది. నువ్వు దాని పీక నొక్కేసినావు."

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ రోజు నుంచి ఆ చేతిని చూస్తే కుళ్ళు మొదలైంది. దాచుకోవడం ఎందుకు, కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఆయన టీ తాగుతూ రాసినవాటికి నా పద్నాలుగు నెలలు కరిగిపోయాయి.

పని పూర్తయ్యాక ప్రచురణకర్త హిజ్లీలోని ఐఐటీ క్యాంపస్‌లో నలుగురు ప్రొఫెసర్లకు చూపించాడు. అందరూ చాచా కాగితాల చుట్టూ మూగి "క్యా బాత్, క్యా బాత్" అన్నారు. నా లాప్‌టాప్ దగ్గరికి ఒక్కాయన వచ్చాడు.

"దీదీ, వీటిని స్కాన్ చేసింది మీరేనా? ఏ స్కానర్ మంచిదంటారు?"

మర్నాడు ఫైనల్ ఫైల్ తయారుచేశాను. ప్రతి ఫాంట్ లోపలా డిజైనర్ పేరు రాసే గడి ఒకటి ఉంటుంది. అందులో రెండు పేర్లున్నాయి. చాచా పేరు చెరిపేశాను. పుస్తకం మొదటి పేజీకీ నా ఒక్క పేరే పంపాను. ప్రచురణకర్త ఫోన్ చేసి చాచా పేరేదని అడిగాడు.

"ఆయనే వద్దన్నారు, దాదా."

పుస్తకం అచ్చయి వచ్చాక చాచాకి ఒక ప్రతి ఇవ్వక తప్పలేదు. చోటు చాల్లేదని చెబుదామని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. ఆయన అద్దాలు పెట్టుకోకుండానే అడిగాడు.

"నా పేరు ఏసినారేటి?"

"నేదు చాచా."

"హమ్మయ్య! ఎలా కనిపెట్టినావు తల్లీ? ఒద్దని సెప్పాలనే ఉంది. ఆ పుస్తకాల బాబు నొచ్చుకుంటాడని ఊరుకున్నాను."

నాకేమీ అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. ఆ రాత నేర్చేవాళ్ళలో ఉస్తాద్ ఇజాజత్, అంటే అనుమతి ఇచ్చేదాకా శిష్యుడు తన రాత కింద పేరు పెట్టుకోకూడదట.

"మా ఉస్తాద్ ఆ మాట అనకుండానే ఎల్లిపోనారు. నలభై ఏళ్ళయింది. ఒక్క కాగితం కింద కూడా నా పేరు రాయనేదు."

అప్పుడు అద్దాలు పెట్టుకుని మొదటి పేజీ తిప్పాడు. అక్కడున్న ఒక్క పేరు మీద వేలు పెట్టాడు.

"ఇది నీ పేరేనా?"

"నాదే చాచా."

"అయితే మీ ఉస్తాద్ నీకు ఇజాజత్ ఇచ్చినారన్నమాట!"

నేను ఈ పని వీడియోలు చూసి నేర్చుకున్నదాన్ని. నాకు ఉస్తాదూ లేడు, అనుమతీ లేదు. పేరు పెట్టుకోవడానికి కూడా అర్హత కావాలని, ఇన్నేళ్ళ పనిలో నాకు తట్టింది ఆ క్షణంలోనే. అయినా తలూపాను.

"ఇచ్చినారు చాచా."

ఆయన చాలాసేపు నా పేరు వంకే చూశాడు.

"అదురుష్టవంతురాలివి బేటీ. అబద్ధం ఎందుకాడాలి, నిన్ను సూస్తే నాకు కుళ్ళుగా ఉంది."

ఆయన నన్ను చూసి ఒక్కసారైనా కుళ్ళుకోవాలనే పద్నాలుగు నెలలు కోరుకున్నాను. తీరా ఆ మాట విన్నాక ఆయన మొహం చూడలేకపోయాను.