ఒక టీచరుకి ఇరవై నలుగురు

గణాంకాల విభాగంలో ఆయన్ని అందరూ మాస్టారూ అనే పిలుస్తారు. పిలుపు మిగిలింది గానీ పాఠం చెప్పడం ఎప్పుడో పోయింది. రాష్ట్రంలోని సర్కారు బళ్ళన్నిటి వివరాలూ కలిపి ఏటా ఒక లావుపాటి పుస్తకం వేస్తారు. ఎన్ని బళ్ళు, ఎంతమంది పిల్లలు, ఎందరు టీచర్లు, ఎన్ని గదులకి పైకప్పు ఉంది, ఎన్నిటికి లేదు, అన్నీ అందులో ఉంటాయి. ఆ పని కోసం మూడు నెలలపాటు అని చెప్పి ఊరి చివరి హైస్కూలు నుంచి ఈ లెక్కల మాస్టార్ని డెప్యుటేషన్ మీద ఆఫీసుకి పిలిపించారు. తొమ్మిదేళ్ళయినా ఆ మూడు నెలలూ పూర్తి కాలేదు.

మొదట్లో ఆయన ప్రాణం విలవిల్లాడింది. బడిలో ఉన్న రోజుల్లో ఆయన బీజగణితం చెప్తుంటే వెనకబెంచీ వాళ్ళు కూడా నోరు తెరుచుకుని వినేవాళ్ళు. తప్పు చేసిన పిల్లాణ్ణి తిట్టేవాడు కాదు. ఆ తప్పునే బోర్డు మీద రాసి, "ఎక్కడ కాలు జారిందో పట్టండ్రా" అని క్లాసంతటినీ దాని మీదికి ఉసిగొల్పేవాడు. ఆఫీసులో ఆ సరదా ఏముంది? కానీ మనిషన్నవాడు దేనికైనా అలవాటు పడిపోతాడు, ఫ్యాను కింద కుర్చీకి మరీ తొందరగా. రెండేళ్ళు తిరిగేసరికి తనని వెనక్కి పంపమని అడగడం కూడా మానేశాడు.

ఆ విభాగంలో ఒక పద్ధతి ఉంది. ఏ టీచరు జీతం ఏ బడి పేరున వస్తే ఆ టీచరు ఆ బడిలో పాఠం చెప్తున్నట్టే. మనిషి ఎక్కడ కూర్చున్నాడన్నది ఎవరికీ పట్టదు. ఆఫీసుల్లో ఫైళ్ళు మోసేవాళ్ళు, అధికారుల ఇళ్ళలో పనులు చక్కబెట్టేవాళ్ళు, అందరూ పుస్తకంలో మాత్రం సుద్దముక్క పట్టుకుని నిలబడే ఉంటారు. అందుకే మొదటి పేజీలో 'ఒక టీచరుకి ఇరవై నలుగురు పిల్లలు' అని నిండుగా కనిపిస్తుంది. చూసినవాళ్ళు ఆహా అనుకుంటారు. ఆ సగటు కట్టేది మాస్టారే. బడిలో లేని టీచర్లలో తనూ ఒకడని తెలిసే కడతాడు.

మాస్టారి జీతం వచ్చే ఊరి చివరి హైస్కూల్లోనే ఆయన మేనకోడలు పదో తరగతికి వచ్చింది. అక్క ఇల్లు బడి వెనక సందులో. ఆదివారం వెళ్తే పిల్ల పుస్తకం పట్టుకొచ్చి పక్కన చతికిలబడేది.

"మామయ్యా, మాకు లెక్కల మాస్టారు ఎప్పుడొస్తారు? డ్రిల్లు టీచర్ వచ్చి, గైడు చూసి రాసుకోండి అని వెళ్ళిపోతోంది."

"వస్తార్లే."

"నువ్వే రావచ్చుగా?"

"పుస్తకం పని అవనీ, వస్తా."

అక్క అన్నం వడ్డించేలోగా రెండు లెక్కలు చెప్పి లేచిపోయేవాడు. మహా మేనమామ!

లెక్కల టీచరుని పంపమని ఆ బడి హెడ్మిస్ట్రెస్ ఉత్తరం రాసింది. అలాంటివి కుప్పలుగా వస్తాయి. అన్నిటికీ ఒకటే జవాబు: 'రికార్డుల ప్రకారం మీ బడిలో ఆ టీచరు ఉన్నారు, ఖాళీ లేదు.' కింద సంతకం గీకేది మాస్టారు. ఆ రోజు కట్టంతా గీకుతూ తన బడి పేరు కూడా చూసుకోలేదు.

ఆవిడ ఆ జవాబు పట్టుకుని నేరుగా ఆఫీసుకే వచ్చింది. కాగితం మీది సంతకాన్నీ బల్ల వెనక మనిషినీ మార్చి మార్చి చూసింది.

"మా హాజరుపట్టీలో మీ పేరు చూడ్డమే గానీ మిమ్మల్ని చూడ్డం ఇదే మొదలండీ."

మాస్టారు లేచి కుర్చీ ముందుకి జరిపాడు. "కూర్చోండమ్మా" అన్నాడు.

"కూర్చోడానికి రాలేదండీ. మిమ్మల్ని తీసుకెళ్దామని వచ్చాను."

ఆ మాట ఆయనకి గట్టిగానే తగిలింది. అప్పటికప్పుడు డైరెక్టరు గదిలోకి వెళ్ళి, పిల్లల పరీక్షలయ్యేదాకానైనా తనని వదిలెయ్యమన్నాడు.

"మీరు పోతే ఈ సగట్లన్నీ ఎవరు కడతారు మాస్టారూ? పుస్తకం అచ్చుకి వెళ్ళనివ్వండి, చూద్దాం. అయినా పుస్తకంలో మీరు అక్కడే ఉన్నారుగా!" అని డైరెక్టరు తన జోకుకి తనే నవ్వాడు. మాస్టారూ నవ్వాడు. నవ్వాల్సిన పనిలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. నవ్వి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

పుస్తకం అచ్చయ్యేసరికి పరీక్షలు కూడా అయిపోయాయి. మేనకోడలు మిగతా అన్నిటిలో పాసై లెక్కల్లో తప్పింది. క్లాసులో ముప్పాతిక మందిది అదే గతి.

అసలు తంటా అప్పుడు వచ్చింది. ఫలితాలు మరీ అడుగంటిన చోట ఆయా టీచర్ల నుంచి సంజాయిషీ అడుగుతారు. ఎవరెవరిని అడగాలో తేల్చేదీ ఈ విభాగమే. పక్క బల్ల గుమాస్తా ఒక నోటీసు తెచ్చి, "ఇది మీకే మాస్టారూ" అని నవ్వు ఆపుకుంటూ ఇచ్చాడు.

ఆ బడి గడప తొక్కి తొమ్మిదేళ్ళయిందని ఉన్నమాటే రాస్తానన్నాడు మాస్టారు. డైరెక్టరు ఈసారి నవ్వలేదు.

"అలా రాస్తే మీలాంటివాళ్ళందర్నీ టీచర్ల లెక్కలోంచి తీసి పక్కన పెట్టాలి. మొదటి పేజీ ఏమవుతుంది? మీ ఉద్యోగం ఏమవుతుంది? అందరూ రాసేదే రాసి పారెయ్యండి."

అందరూ రాసేది మాస్టారికి కంఠతా వచ్చు. 'విద్యార్థుల అశ్రద్ధ, తల్లిదండ్రుల నిర్లక్ష్యం కారణంగా ఫలితాలు తగ్గినవి.' అదే రాశాడు. చెయ్యి వణికిందని చెప్తే ఆయనకి కాస్త మర్యాదగా ఉండేది గానీ, వణకలేదు. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.

ఆ సంజాయిషీ మీద హెడ్మిస్ట్రెస్ కూడా సంతకం పెట్టాలి. ఆవిడ తప్పిన పిల్లల్నీ వాళ్ళ అమ్మానాన్నల్నీ పిలిపించి, దాన్ని చదివి వినిపించింది. రాసిందెవరో కూడా చెప్పింది.

ఆదివారం మాస్టారు వెళ్ళేసరికి అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపలికి రమ్మనలేదు.

"నిర్లక్ష్యం చేశానట్రా నేను? ఏడాదంతా దానికి ఒక్క ఇంటిపని చెప్పలేదు, చదువుకోనీ అని."

పిల్ల అక్క వెనకాలకి వచ్చి నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి గానీ గొంతు నిమ్మళంగానే ఉంది.

"నా గురించి ఏం రాసినా ఫర్వాలేదు మామయ్యా. నా పక్కన కూర్చునే పిల్ల రోజూ లెక్కల పీరియడ్‌కి ముందే బోర్డంతా తుడిచి ఉంచేది, మాస్టారొస్తే రాసుకోడానికి చోటుండాలని. అదీ తప్పింది. దానిక్కూడా శ్రద్ధ లేదని ఎలా రాశావు?"

మాస్టారు ఇంకా చెప్పులైనా విడవలేదు. అక్క తలుపు దగ్గరికి వేసేసింది.