ఎమ్మిగనూరు బస్సులో ఈరన్న స్వామికి కట్టిన తెర

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ఎట్లా పోవాలి, అక్కడ ఏం తినాలి, ఒక్క రోజులో తిరిగి రావచ్చా అని ఈమధ్య నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. మంత్రాలయం వచ్చినవాళ్ళు మగ్గాలు కూడా చూసిపోదామని అటు ఒక పూట పెట్టుకుంటున్నారట. మంచి ఆలోచనే. దూరం ముప్పై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఇప్పుడు రోడ్డు బాగుంది, ఒక కునుకు తీసేలోపల చేరిపోతారు. నేను ఆ దారిలో లెక్కలేనన్నిసార్లు తిరిగాను గాని, చెప్పుకోదగ్గ ప్రయాణం ఒక్కటే. డెబ్బయ్యవ దశకం చివర్లో, ఎండలు ఇంకా ముదరని రోజుల్లో, మా చెల్లెలు వనజను కాన్పుకు పుట్టింటికి తీసుకురావడానికి అమ్మతో కలిసి పోయిన ప్రయాణం అది.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు. మాది ఆదోనిలో గుడి వంట చూసుకునే కుటుంబం. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు. నాన్న నైవేద్యం వండేవాడు, దానికి కావలసినదంతా అమ్మ మడితో సిద్ధం చేసేది. నేను మాత్రం ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టి, పత్తి మిల్లులో గుమాస్తాగా చేరి, మిగతా చదువు గ్రంథాలయంలోనూ, బెల్లం చుట్టి ఇచ్చిన కాగితాల మీదా పూర్తిచేసినవాణ్ణి. అంతకు ముందు ఏడాది వనజకు మొదటి కాన్పు మా ఇంట్లోనే జరిగింది. బిడ్డ దక్కలేదు. ఎవరి తప్పూ లేదని అందరూ అన్నారు. అమ్మ మాత్రం ఏదో అపచారం జరిగిందనే నమ్మింది. ఏ రోజు మడి చెడింది, ఏ పూట దీపం కొండెక్కింది అని నెలల తరబడి వెనక్కి వెతుక్కుంది. ఈసారి దేవుడి విషయంలో ఏ కొంచెం పొరపాటు జరిగినా ఈ బిడ్డా దక్కదని ఆమె భయం. దాన్ని చూసి నవ్వుకునే వయసు నాకు అప్పుడు ఉండేది, ధైర్యం ఉండేది కాదు.

పొద్దున్నే మొదటి బస్సు ఎక్కాము. టికెట్టు మూడు రూపాయలు కూడా లేదు. అమ్మ బయట నీళ్ళు ముట్టదు కాబట్టి ఇత్తడి కూజా ఆమె ఒళ్ళో కూర్చుని ప్రయాణం చేసింది, దానికి టికెట్టు అడగలేదు. జిన్నింగు మిల్లుల గొట్టాలు దాటితే ఇరుపక్కలా నల్లరేగడి చేలు, పత్తి ఏరేసిన కట్టెలు. ఎమ్మిగనూరులో దిగగానే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు వచ్చే సందుల్లోకి పోతే తువ్వాళ్ళు, దుప్పట్లు చవగ్గా దొరుకుతాయి. అమ్మ గుడి వంటకని అరడజను కొత్త తువ్వాళ్ళు కొన్నది. అంతలో నేను బస్టాండు పక్కన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిందామని ఒక హోటలులో దూరాను. బొరుగులు నానబెట్టి తాలింపు వేసే ఈ ఉగ్గాని తినకుండా ఆ ఊరు వదలొద్దని నా మాట.

"సామీ, ఇంగో రెండు బజ్జీలు ఎయ్యల్నా?" అని వంటాయన అడిగాడు.

"వద్దప్పా. మా అమ్మ ఎదురుగా దుకాణంలోనే ఉంది. చూసిందంటే గొంతు దిగదు."

"అట్లయితే ఈ మూలకు తిరిగి కూసో. నీ మాదిరోల్లు దినామూ నలుగురు వస్తారు. ఆ మూల మీ కోసరమే పెట్టినాను."

మా బావ, అంటే వనజ భర్త, అక్కడ బడిపంతులు. ఆయన ఇంట్లో భోజనం చేసి, డాక్టరు ఇంకా మూడు వారాలు ఉందన్నాడని నిశ్చింతగా వనజను వెంటబెట్టుకుని మధ్యాహ్నం బస్సు ఎక్కాము. వనజ కిటికీ పక్కన, మధ్యలో అమ్మ, ఇవతల సీటు ఖాళీ. నేను వెనక వరుసలో. బస్సు కదలబోతుండగా యాభై ఏళ్ళ ఆడమనిషి ఒకామె, భుజాన గొంగడి, చంకలో నెయ్యి కుండ, ఎక్కి ఆ ఖాళీలో కూర్చుంది. ముందు సీటు కమ్మీ పట్టుకోవడానికి చెయ్యి చాపింది. మణికట్టు నుంచి మోచేతి దాకా పచ్చబొట్టు. గుండ్రటి మొహం, మీసాలు, పైన కిరీటం లాంటిది.

అమ్మ చాలాసేపు చూసింది. "ఏమమ్మా అది, పిల్లినా?"

"పిల్లి యాడిదమ్మా. ఈరన్న సామి. మా ఉరుకుంద ఈరన్న. నా పేరు గూడా ఉరుకుందమ్మే."

ఉరుకుంద కౌతాళం దగ్గరి క్షేత్రం. ఈరన్న అంటే నరసింహస్వామే. మా ఇంటి దేవుడు కూడా నరసింహుడే. స్నానం చేయనిదే ఎవరి పటం వైపు కూడా తాను చూడదో ఆ దేవుడు, బస్సులో కమ్మీ పట్టుకుని తన పక్కన కూర్చున్నాడని అమ్మకు అప్పుడు అర్థమైంది. ఆమె మొహం మాడిపోయింది.

"ఆ చేత్తోనే పేడ ఎత్తుతావా?"

"ఎత్తుతాను."

"కోడిని కోస్తావా?"

"పండగొస్తే కోస్తాను. సామి ఇంతవరకు ఏమీ అనల్యా."

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. అమ్మ నవ్వలేదు. "మేము ఒంటి మీద స్వామి ముద్రలు గోపీచందనంతో వేసుకుంటాము. మైల వస్తే కడిగేస్తాము. ఇది ఎట్లా కడుగుతావు? నువ్వు ఏ పని చేసినా ఆయన్ని అందులోకి ఈడ్చినట్టే కదా."

"నేనడిగి పొడిపించుకున్నానా అమ్మా? పెండ్లయిన కొత్తల్లో మా అత్త జాతరకు పిలసకపోయి కూసోబెట్టింది. ఏడ్చినాను గూడా. ఇప్పుడు నేను యాడికి పోతే ఆయప్పా ఆడికి రావాల్సిందే. పాపం, ఆయప్పకు మాత్రం దావ యాడుంది?"

వెనకనుంచి నేను ఊరుకోకుండా, "నాన్న భుజాల మీద కాల్చిన శంఖచక్రాలు కూడా కడిగితే పోవు కదమ్మా" అన్నాను. "అవి గురువులు వేసినవి. జాతరలో బేరమాడినవి కాదు" అని అమ్మ నా వైపు తిరగకుండానే చెప్పి, తువ్వాళ్ళ మూట తీసి తనకూ ఉరుకుందమ్మకూ మధ్య గోడలాగా పెట్టింది.

కోటేకల్లు దాటాక రోడ్డు గుంతలమయం. బస్సు ఎగిరెగిరి పడుతోంది. వనజ కిటికీ చువ్వ పట్టుకుని తల దించుకుంది. అమ్మ కంటే ముందు ఆ మూట అవతలి మనిషే కనిపెట్టింది.

"పాపా, నొప్పులు ఎప్పటినుంచి?"

వనజ ఏడుపు ఆపుకుంటూ, పొద్దుటినుంచి సన్నగా ఉన్నాయని, చెబితే అమ్మ భయపడుతుందని ఊరుకున్నానని చెప్పింది. అంతలోనే సీటు కింద నీళ్ళు పారాయి. కండక్టరు గంట కొట్టాడు. డ్రైవరు ఆదోని ఆయన, బాషా అని పిలిచేవాళ్ళు. వెనక్కి తిరిగి, "ఆస్పత్రికి ఇంకా ముప్పావు గంట. తోలేద్దునా?" అన్నాడు.

"ముప్పావు గంట ఆగే బిడ్డ కాదప్పా ఇది. ఈ కుదుపుకు ఇంగా తొందర పడతాది. నీడ సూసి నిలుపు" అంది ఉరుకుందమ్మ.

తుమ్మచెట్టు పక్కన బస్సు ఆగింది. మగవాళ్ళం దిగిపోయాము. ఆడవాళ్ళు కిటికీలకు చీరలు అడ్డం పెట్టారు. నేను మెట్టు దగ్గరే నిలబడ్డాను, లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి. మొదట వినబడింది అమ్మ గొంతే.

"నువ్వు తాకొద్దు."

అంతలోనే అమ్మ మళ్ళీ అందుకుంది.

"నువ్వు మంచిదానివి కాదని కాదు తల్లీ. ఆ చెయ్యి మీద స్వామి ఉన్నాడు. పురిటి మైల ఆయనకు తగిలితే ఏమవుతుందో నాకు తెలియదు. పోయిన ఏడాది ఒక బిడ్డ పోయింది. ఇంకొక బిడ్డను నేను మట్టిలో పెట్టలేను."

"మరి బిడ్డను నువ్వు పడతావా?"

"నాకు చాతకాదు."

"ఈ బస్సులో ఇంగెవరికన్నా చాతనవునా?" తమకు రాదని ఒకరిద్దరు గొణిగారు. "చెయ్యి ఊడబెరికి పక్కన పెట్టేకి రాదమ్మా. ఎట్ల జేద్దామో నువ్వే సెప్పు. బిరీన సెప్పు."

వనజ ఒక్క కేక పెట్టింది. "అమ్మా, రానీ ఆమెను."

ఆ తర్వాత మూట ముడి విప్పిన చప్పుడు. "చెయ్యి చాపు. తెర వేస్తాను" అంది అమ్మ.

మా గుళ్ళో నైవేద్యం పెట్టేటప్పుడు, స్వామి అలంకారం మార్చేటప్పుడు గర్భగుడి వాకిలికి తెర వేస్తారు. తెర పడితే అవతల ఆయన ఏకాంతంలో ఉన్నట్టు, ఇవతల మన సందడి ఆయనకు అంటనట్టు. జన్మంతా ఆ తెర పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడిన మనిషి మా అమ్మ. కొత్త తువ్వాలు తీసి ఆ ముంజేతికి చుట్టింది.

"గట్టిగా బిగించొద్దు, నరం పట్టేస్తాది."

"వదులుగా కడితే జారుతుంది."

"జారితే మళ్ళ కడుదువులే. కాళ్ళ దిక్కు నిలబడు."

బాషా నన్ను చెట్టు కిందికి పిలిచి బీడీ ఇవ్వబోయాడు. అలవాటు లేదన్నాను. తనే ముట్టించుకుని, "మా దాంట్లో గూడా పచ్చబొట్టు తప్పంటారు సామీ" అన్నాడు. "మా నాయనమ్మ పల్లె మనిషి. గడ్డం మింద మూడు సుక్కలుండె. ఆమె పోయినంక స్నానం చేపిచ్చేకి వచ్చినోళ్ళల్ల ఒకామె గొణిగింది, ఇట్లుంటే ఎట్ల అని. మా అమ్మ ఒకటే అడిగింది. అవి పొయ్యేదంక కడుగుతావా, మా అత్తను పంపిస్తావా అని."

"మరి ఏం చేసింది?"

"చేసేదేముంది. నీళ్ళు పోసి పంపింది. గొణుగుతానే పోసింది."

బస్సులోంచి మాటలు వస్తూనే ఉన్నాయి. "జారింది" అని ఉరుకుందమ్మ. "ఉండు, కడతాను" అని అమ్మ. వనజ ఆ చేతినే పట్టుకుని పెనుగులాడుతోంది కాబోలు, కాసేపటికి మళ్ళీ "జారిందమ్మా", మళ్ళీ "ఉండు". మూడోసారి ఉరుకుందమ్మ "తెర పోయిందమ్మా, కట్టల్నా" అన్నప్పుడు అమ్మ గొంతు నేను ఎప్పుడూ వినని విధంగా వినబడింది.

"పోనీ. బిడ్డను చూడు."

 బాషా బీడీ ఆరిపోయినా నోట్లోనే పెట్టుకుని నిలబడ్డాడు. లోపల వీపు మీద చరిచిన చప్పుడు వచ్చింది, ఒకసారి, మళ్ళీ ఒకసారి. అప్పుడు బిడ్డ ఏడ్చింది. ఉరుకుందమ్మ నెయ్యి కుండను దింపి తెచ్చి తన ఒళ్ళో భద్రంగా పెట్టుకున్న ఒక ముసలాయన బస్సు వైపు తిరిగి దండం పెట్టాడు.

ఆడపిల్ల. ఉరుకుందమ్మ బొడ్డు కోయనివ్వలేదు, అది ఆస్పత్రిలో చూసుకుంటారని బిడ్డను తల్లి పొట్టమీదే పెట్టి కొత్త తువ్వాళ్ళలో చుట్టింది. మగవాళ్ళం ఎక్కి వెనక సర్దుకున్నాము. బాషా దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆపకుండా, ఎద్దులబండి కంటే నెమ్మదిగా, గుంత గుంతనూ తప్పిస్తూ తోలాడు. అమ్మ కూజాలో మిగిలిన నీళ్ళు ఉరుకుందమ్మ చేతి మీద పోసి తన కొంగుతోనే రుద్ది కడిగింది. కడుగుతూ కడుగుతూ ఆ మొహం దగ్గర ఆగింది.

"ఎవతె పొడిచింది ఇది? నరసింహస్వామి మూతి ఇట్లా ఉండదు."

"పొడిచినామెకు ఒంటికన్నమ్మా. ఉన్న కాడికి సక్కగానే పొడిచింది."

అమ్మ అప్పుడు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

ఆస్పత్రి వాకిట్లోకే బస్సు తీసుకుపోయారు. స్ట్రెచరు, నర్సులు, బావకు కబురు పంపడం, ఆ గందరగోళంలో మేమంతా వనజ వెంట లోపలికి పరుగెత్తాము. బయటికి వచ్చేసరికి బస్సు లేదు, ఉరుకుందమ్మా లేదు. డిపోలో బాషాను అడిగితే, నెయ్యి అమ్ముకోవాలని మార్కెట్టు దగ్గర దిగిపోయిందని చెప్పాడు. ఏ ఊరో ఆయనకూ తెలియదు. కౌతాళం, హొళగుంద వైపు ఇంటికొక ఉరుకుందు, వాకిలికొక ఉరుకుందమ్మ. పేరు పట్టుకుని వెతికితే ఎక్కడని వెతుకుతాము?

అమ్మ అభిప్రాయం మారలేదు. దేవుడి బొమ్మ ఒంటి మీద పొడిపించుకోవడం తప్పేనని చివరిదాకా అన్నది. మనవరాలు పెరిగి ఆ కథ విని, "అయితే ఆమె చేసింది తప్పేనా అవ్వా" అని అడిగినప్పుడు కూడా, "తప్పే" అనే చెప్పింది. నేను చాలా ఏళ్ళు దీన్ని గురించి ఆలోచించాను. నమ్మకం మనిషికి అడ్డమొచ్చినప్పుడు నమ్మకాన్ని అవతల పారేయమనేవాళ్ళను చూశాను, మనిషిని అవతలికి నెట్టేవాళ్ళనూ చూశాను. అమ్మ ఆ రెండూ చేయకుండా ఒక తువ్వాలు వెతికింది. అది జారిపోయే తువ్వాలే. అయినా ఆ కాస్త గుడ్డ దొరకకపోయి ఉంటే ఆమె ఆ చెయ్యిని దగ్గరికి రానిచ్చేదా, రానిచ్చినా ఆ తర్వాత నిద్రపోగలిగేదా, నాకు తెలియదు. తెలిసిందల్లా ఇది: ఆ ఏడాది నుంచి అమ్మ ప్రతి శ్రావణంలోనూ ఆదోని నుంచి కౌతాళం మీదుగా ఉరుకుందకు పోయేది. ఒక చీర సంచిలో పెట్టుకునేది. దర్శనం అయ్యాక బయట కూర్చుని, వచ్చేపోయే ఆడవాళ్ళ మొహాలు కాదు, ముంజేతులు చూసేది. పచ్చబొట్టు కనబడితే లేచి దగ్గరికి పోయి, చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, "నువ్వు కాదమ్మా" అని వదిలేది. ఆ చీరలు ఏటేటా వేరే ఎవరికో ఇచ్చి వచ్చేది.

ఇక ఈ దారిలో ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఉగ్గాని ఎక్కడైనా బాగుంటుంది, తువ్వాళ్ళు ఎవరి దగ్గరైనా కొనండి. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళతో మాట కలిస్తే మాత్రం పేరుతో ఆపకండి. దిగేలోపల ఊరు కూడా అడిగి పెట్టుకోండి.