మా మేనత్త పాటల అర్ర

నా చిన్నప్పుడు మా ఇంట్లో రేడియో పెడితే పాట తెలిసేది కాదు, మోతే తెలిసేది. మేము కరీంనగర్ దిక్కు నేతపని వాళ్లం. మరమగ్గాలను మా వైపు సాంచాలంటారు. అవి పక్కనే పొద్దంతా ఆడేవి. మాది రేకుల కప్పు, బండల నేల, బోసి గోడలు. ఒకరన్న మాట గోడకు తగిలి తిరిగొచ్చి, తర్వాతి మాటను మింగేసేది.

ఆ ఇంటికి మా మేనత్త తిరిగొచ్చింది. సాంచాల పక్కన నూలు కండెలు చుడుతూ పెరిగిన మనిషి, వినికిడి కొంచెం తగ్గింది. ఆమె అత్తింటివారు చెవిటిదని పేరుపెట్టి పంపించేశారు. మా బాపు కూడా అదే నమ్మాడు. ఆమె రేడియో ముందు కూర్చుంటే, "ఇనవడనిదానికి గీ రేడియో ఎందుకే?" అని కసిరేవాడు.

"చేన్ల కూసుంటే పిట్ట కూత గుడ ఇనవడ్తది నాకు. నా చెవులు పాడు గాలే అన్నా, గీ అర్ర పాడుగున్నది" అంది అత్త.

మర్నాడే వెనక గదిని తన అర్ర చేసుకుని పని మొదలుపెట్టింది. నన్ను నడుమ నిలబెట్టి చప్పట్లు కొట్టమంది. చప్పుడు ఏ గోడ నుంచి తిరిగొస్తే ఆ గోడకు పాత బొంత వేలాడదీసింది. మూలల్లో పత్తి కుక్కిన గోనె సంచులు నిలబెట్టింది. రేకుల కింద చీరలు కట్టింది. సాంచాల వైపు కిటికీని గోనెపట్టాతో మూసింది. పత్తి గోదాం పెట్టిందని వాడంతా నవ్వింది. అన్నీ పీకేయమన్నాడు బాపు. ఆమె గడపలో అడ్డంగా కూర్చుంది, కదల్లేదు.

చివరికి నా చప్పట్లు నా చేతుల దగ్గరే ఆగిపోయాయి. ఆ సాయంత్రం రేడియోలో పాడే ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. అత్త కళ్లు మూసుకుని పాటతో పాటు పెదవులు కదిపింది.

కొన్నాళ్లకు అత్తవారి పెద్దమనుషులు తెగదెంపులకు వచ్చారు. మాటలన్నీ తన గదిలోనే జరగాలని పట్టుబట్టింది అత్త. ఒక ముసలాయన పరీక్షించడానికే గొణిగినట్టు అడిగాడు. అడిగిన ప్రతిదానికీ ఆమె తడుముకోకుండా జవాబిచ్చింది. వాళ్లు తెల్లబోయారు. ఆమె మామ సర్దుకుని, "మంచిగనే ఇనవడ్తున్నది గద బిడ్డా. బట్టలు సదురుకో, పోదాం" అన్నాడు.

"మీకు గిప్పుడు ఎరుకైంది. నాకు ఎప్పటి సందో ఎరుకే. నేను రాను" అంది అత్త.

వాళ్లు వెళ్లాక బాపు బొంతకు ఆనుకుని కూర్చుని, "రేడియో పెట్టు చెల్లే" అన్నాడు.

నలుగురూ నాలో లోపముందన్నప్పుడల్లా, తల వంచే ముందు, నన్ను నిలబెట్టిన చోటు ఎలా ఉందో చూడటం నాకు అప్పటి నుంచీ అలవాటు. ఈ మధ్య కొత్తింటి హాల్లో, ఆ నున్నటి టైల్స్ నడుమ, ఒక మాట రెండోసారి అడిగానని నా కొడుకు చెవుల డాక్టరు దగ్గరికి పోదామన్నాడు.

"పోదాం బిడ్డా. గని ముందుగాల గీ గోడలకు తెరలు గట్టు. నా చెవుల సంగతి అటెన్క మాట్లాడుదాం" అన్నాను.