చెక్క మోగితే అందరూ రావాలి

జర్మనీలో ఆదివారం నాడు గోడకు మేకు కొట్టకూడదు. వాక్యూమ్ క్లీనర్ పెట్టకూడదు. మా బిల్డింగులో అయితే రోట్లో అల్లం దంచినా కింది ఇంటాయన మెట్లెక్కి వచ్చి, తలుపు తట్టి, మాస్కు వెనక నుంచి మర్యాదగా మందలించి వెళ్ళేవాడు. మా ఆయన ఎష్‌బోర్న్ ఆఫీసుకు దగ్గరని అంత అద్దె కట్టి తీసుకున్నాం ఆ ఇల్లు. తీరా చేరాక కరోనా వచ్చి ఆఫీసే మూసేశారు. ఆయన పడకగదిలో తలుపేసుకుని మీటింగుల్లో ఉండేవాడు. పిల్లల్ని పగలు చూసుకునే కీటా మూతపడటంతో పాప హాలంతా ఆక్రమించుకుంది. ఇక వంటిల్లు నాకూ మా అత్తమ్మకూ మిగిలింది.

అత్తమ్మ మూడు నెలలుండి పోదామని జగిత్యాల నుంచి వచ్చింది. ఆమె తిరుగు ప్రయాణానికి పచ్చడి డబ్బాలు ఖాళీ చేసి కడిగి పెట్టుకున్న వారంలోనే విమానాలు ఆగిపోయాయి. ప్రత్యేక విమానాలు మొదలైనా మా వంతు రాలేదు. "ఎప్పుడు వోతనే?" అని రోజూ అడిగేది. మొదట్లో ఓపిగ్గానే జవాబు చెప్పేదాన్ని. తర్వాత్తర్వాత "ఆ విమానం నేను నడుపుతనా అత్తమ్మా?" అనేదాన్ని. ఆమె నవ్వేది.

ఆ వంటింటి బల్ల దగ్గరే ప్రతి ఆదివారం మధ్యాహ్నం నా క్లాసు జరిగేది. హైదరాబాద్‌లో నేను చదివిన ఎమ్మే హిస్టరీ ఈ దేశంలో కరివేపాకు పాటి కూడా చెయ్యలేదు. కరోనాకు ముందు, ఊరికే కూర్చోలేక, పాత చేతిరాతలు చదవడం నేర్పే సాయంత్రం తరగతిలో చేరాను. నేర్పే ఆమె లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఎనభై దాటాయి, ఒంటరిగా ఉంటుంది. మిగతావాళ్ళు కూడా రిటైరైన ఆడవాళ్ళే. లాక్‌డౌన్ రాగానే తరగతి కంప్యూటర్ మీదికి మారింది. మొదటి రెండు వారాలూ ఒకరికి గొంతు ఉంటే ముఖం ఉండేది కాదు, ఇంకొకరికి నుదురు మాత్రమే కనిపించేది. ఆదివారాలు మరీ పొద్దుపోవడం లేదని టీచరమ్మే క్లాసును ఆ రోజుకు మార్చింది.

మేం చదువుతున్నది సుమారు ఆరు వందల ఏళ్ళ కిందటి పుస్తకం. దక్షిణ జర్మనీలోని ఒక మఠంలో సన్యాసినులు రాసుకున్నది. అప్పట్లో చదువంటే లాటిన్, లాటిన్ అంటే మగవాళ్ళు, గురువులు. వీళ్ళు మాత్రం తాము రోజూ మాట్లాడుకునే భాషలోనే రాశారు. రాసింది దేవుడి గురించి మాత్రమే కాదు. తమ మఠంలో చనిపోయిన అక్కచెల్లెళ్ళ గురించి. ఒక్కొక్కరికి అర పేజీ, ఒక పేజీ. ఆమె పేరు, ఆమె నడత, ఎన్ని ఉపవాసాలు చేసింది, ఎలా పోయింది. ఇలా పోయినవాళ్ళ పేర్లన్నీ ఉంటాయి కానీ రాసినామె పేరు ఎక్కడా ఉండదు. గోధుమరంగు సిరాతో, ఒద్దికైన అక్షరాలతో అంత పుస్తకం రాసి, తన ఊసు ఒక్కటి కూడా పెట్టలేదామె. నాకైతే మొదట్లో ఒళ్ళు మండేది. ఒక్క ముక్క రాసుకుంటే ఏం పోయిందమ్మా అని.

మా పద్ధతి ఏమిటంటే, ఒకరు ఒక వరుసను గట్టిగా చదవాలి, ఇంకొకరు తిరిగి పలకాలి, ఇద్దరికీ కుదిరాకే మిగతావాళ్ళు రాసుకోవాలి. అందుకని ఆ పాత మాటలు మా వంటింట్లో మారుమోగేవి. అత్తమ్మ కొత్తిమీర తుంచుతూ కొన్ని వారాలు ఊరుకుంది. తర్వాత అడిగింది, ఇదంతా ఏమిటని. చెప్పాను.

"సచ్చినోళ్ల ముచ్చట్లా? దీపం వెట్టే ఇంట్ల?" అంది, కొత్తిమీర పక్కన పెట్టి.

"పుణ్యాత్ములే అత్తమ్మా. దేవుని పేరు మీద బతికినోళ్లు."

ఆ మాటతో కొంత మెత్తబడింది. తర్వాత్తర్వాత నాకంటే ముందు కుర్చీ లాక్కుని కూర్చునేది. క్లాసు అయిపోగానే ఈ వారం ఎవరు పోయారో, ఎలాంటిదో నేను తెలుగులో చెప్పాలి. ఉపవాసాల ఆమెలు, కన్నీళ్ళ ఆమెలు అత్తమ్మకు త్వరగానే విసుగొచ్చారు. వంటశాల చూసుకున్న ఒకామె మాత్రం నచ్చింది. మౌనంగా ఉండాల్సిన వేళల్లో కూడా నోరు ఊరుకోక చివాట్లు తినేదట, జబ్బుపడ్డవాళ్ళకు దొంగతనంగా రొట్టె పెట్టేదట. "గీమె మా అక్క అసొంటిది" అంది అత్తమ్మ. ఆ వారమంతా ఆ మాటే మళ్ళీ మళ్ళీ అని నవ్వుకుంది.

ఆ మఠంలో ఒక ఆచారం ఉండేది. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే వసారాలో వేలాడదీసిన చెక్కను గట్టిగా కొట్టేవారు. చెక్క మోగితే అందరూ రావాలి. వంట చేస్తున్నా, రాస్తున్నా, ప్రార్థనలో ఉన్నా సరే వదిలేసి, ఆ మంచం దగ్గరికి పరుగెత్తాలి. నేనిది చెప్పినప్పుడు అత్తమ్మ తల ఊపింది.

"మంచి పద్ధతి బిడ్డా. మనిషి ఒక్కతే పోవద్దు."

ఆ వేసవి చివర్లో ఫోనొచ్చింది. అత్తమ్మ అక్క పోయింది. దవాఖానాలో చేర్చాక ఇంట్లోవాళ్ళను లోపలికి రానివ్వలేదట. ప్లాస్టిక్ బట్టలు తొడుక్కున్న మనుషులు నలుగురు మున్సిపాలిటీ బండిలో తీసుకుపోయారట. కొడుకులు దూరంగా రోడ్డు మీద నిలబడి చూశారట. అత్తమ్మ అంతా విన్నది. "ఊఁ" అంది. ఫోను నా చేతికిచ్చి, వొలుస్తున్న చిక్కుడుకాయలు మొత్తం వొలిచింది.

ఏడవలేదు. ఆ రోజూ ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. కంచంలో రెండు ముద్దలు కలిపి పక్కకు జరిపేది. బీపీ గోళీ నేను చేతిలో పెడితే గానీ వేసుకునేది కాదు. పాప వచ్చి ఒళ్ళో ఎక్కి "ఓమా, కోమ్!" అని జర్మన్‌లో నానమ్మను రమ్మంటూ లాగినా లేచేది కాదు. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది వేరే. అక్క గురించి మాట వస్తే ఆమె ఇంకా బతికే ఉన్నట్టు మాట్లాడేది. "మా అక్కకు గీ పూలంటే పానం." "మా అక్క సూస్తే నవ్వుతది." దుఃఖం ఆమె లోపల గడ్డకడుతోందని, అది ఆమెనే తీసుకుపోతుందని నాకు నిజంగానే భయం వేసింది. మా ఆయన డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఫోన్లు చేశాడు. డాక్టరు వచ్చి ఏం చేస్తాడు? వాళ్ళ వైపు ఆడవాళ్ళకు ఏడ్వడమంటే కళ్ళు తుడుచుకోవడం కాదు. పోయిన మనిషి పక్కన కూర్చుని, రాగం తీసి, ఆమె బతుకంతా ఆమెకే చెబుతూ ఏడుస్తారు. శోకాలు పెట్టడం అంటారు. ఒకరు అందుకుంటే ఇంకొకరు కలుపుతారు. మా మామగారు పోయినప్పుడు విన్నాను. వాడంతా వినిపించింది.

"ఏడువు అత్తమ్మా" అన్నాను ఒకసారి, ఆగలేక.

"సూడలే గద బిడ్డా. సూడకుంట ఎట్ల ఏడుస్తరు?" అంది. నేల వైపు వేలు చూపించింది. "గిండ్ల ఏడుస్తే కిందోడస్తడు. పోలీసోల్లను పిలుస్తడు. మావోనికి మాటొస్తది."

అల్లం దంచితేనే వచ్చేవాడు మరి. ఆ క్షణంలో ఈ దేశం మీద, దీని నిశ్శబ్దం మీద నాకు పుట్టిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

తర్వాతి క్లాసుకు రాలేనని టీచరమ్మకు ఫోన్ చేసి, కారణం చెప్పాను. ఆమె, "ఆదివారం మీ అత్తగారిని కూర్చోబెట్టు. ఆ సన్యాసినులు ఎలా చేశారో మనమూ అలాగే చేద్దాం. పోయినామె గురించి నువ్వు రాసి చదువు" అంది.

రాశాను. అప్పటికి నెలల తరబడి ఆ పుస్తకంలో మునిగి ఉన్నాను, చెయ్యి అదే దారిలో పోయింది. తెల్లవారకముందే లేచేది, ఇంటిల్లిపాదికీ పెట్టి మిగిలింది తినేది, కష్టాలను ఓర్పుతో భరించింది, ఎన్నడూ గొంతెత్తి మాట్లాడలేదు. జర్మన్‌లో ఒక వాక్యం, తెలుగులో ఒక వాక్యం. చదువుకుంటే నాకే కన్నీళ్ళొచ్చాయి. చాలా బాగా కుదిరిందనుకున్నాను.

ఆదివారం అందరి ముఖాలూ తెర మీద గడుల్లో కనిపించాయి. టీచరమ్మ తన వంటింట్లోంచి రొట్టె కోసుకునే చెక్క తెచ్చుకుంది. కర్రగరిటెతో దాని మీద గట్టిగా కొట్టింది. అన్ని గడుల్లోనూ అందరూ లేచి నిలబడ్డారు. కొందరు తలలు తెర దాటిపోయి మెడల దాకే కనిపించారు.

"ఏమైందే? అందరెందుకు లేసిన్రు?" అంది అత్తమ్మ ఉలిక్కిపడి.

"చెక్క మోగింది అత్తమ్మా. పెద్దమ్మ కోసం."

అత్తమ్మ బల్ల పట్టుకుని నెమ్మదిగా లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది.

నేను చదవడం మొదలుపెట్టాను. గొంతెత్తి మాట్లాడలేదన్న దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. ఎవల గురించి సదువుతున్నవ్?"

"పెద్దమ్మ గురించే."

"మా అక్క గొంతు లేపలేదా? ఎవలు జెప్పిన్రు నీకు? చుట్టిన బీడీలు బాగ లేవని సేటు తీసి పారేస్తే, చాట దీస్కవోయి ఆయన ముంగట బోర్లించి అచ్చింది. ఊరు ఊరంత ఇన్నది. ఓపికా? మా అక్కకా? నేను ఆకు సక్కగ కత్తిరియ్యకపోతె కత్తెరతోటి యేళ్ల మీద కొట్టేది. బతుకమ్మ కాడ రాగం తప్పేది, తప్పుతున్నదని తెల్సు, అయినా అందరికన్న గట్టిగ పాడేది. అమ్మకు అబద్ధం జెప్పి నన్ను సిన్మకు తోల్కవోయింది. నడిసి నడిసి నా కాళ్లు గుంజుతే ఎత్తుకున్నది. నన్ను ఎత్తుకున్నవు గదనే... బొక్కలోలె ఉన్న పిల్లవు, నన్ను సంకల ఏస్కోని కోసెడు దూరం నడిస్తివి గదనే అక్కా..."

ఎక్కడ తిరిగిందో నాకు తెలియలేదు. నాతో చెబుతున్నామె అక్కతో చెప్పసాగింది. గొంతు పైకి లేచింది, రాగం వచ్చింది.

"ఓ అక్కా... నా తల్లి అసొంటి అక్కా... నీ కత్తెర ఎవలకిచ్చి పోతివే... దూపైతే నీళ్లెవలు పోసిన్రే... నీ నోరు ఎట్ల మూసుకుంటివే, ఎన్నడు మూయని నోరు..."

ఆ రోజు ఆదివారం. కిటికీ తెరిచి ఉంది. మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి, అడుగు లోపలికి వెయ్యలేక, పాప తల మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. తెర మీద ఒక్కరూ కూర్చోలేదు. ఒక్కరూ ఏమంటోందని అడగలేదు. కింద తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. రానీ, ఇవాళ నేను మాట్లాడతాను ఆయనతో అనుకున్నాను. ఎవరూ పైకి రాలేదు.

చాలాసేపటికి అత్తమ్మ కుర్చీలో కూలబడింది. నీళ్ళిస్తే గ్లాసెడు తాగింది. నేను నా కాగితాలు పక్కన పెట్టి, ఆమె చెప్పినవి చెప్పినట్టు జర్మన్‌లో చెప్పాను. చాట, కత్తెర, తప్పిన రాగం, సినిమా. మా పద్ధతి ప్రకారమే టీచరమ్మ ప్రతి వాక్యాన్నీ తిరిగి పలికింది, మిగతావాళ్ళు రాసుకున్నారు. చివరికి పేరు అడిగారు. అత్తమ్మ తనే, ముక్కు చీదుకుని, అక్క పేరు స్పష్టంగా పలికింది. ఆ నోళ్ళు అన్నీ ఆ పేరును తిప్పలుపడి తిరిగి పలికాయి.

అప్పుడడిగింది అత్తమ్మ. "గా బుక్కుల అందరివి రాసినామె ఉన్నది గద. ఆమె సచ్చిపోతే ఎవలు రాసిన్రు?"

నేనెప్పుడూ ఆ సంగతి ఆలోచించలేదు. టీచరమ్మను అడిగాను. ఆమె పేజీల ఫొటోలను చివరిదాకా జరిపి చూసింది. ఎవరూ రాయలేదంది. ఆ చేతిరాత ఆగిన చోటే పుస్తకం ఆగింది, తర్వాత ఇంకో చెయ్యి లేదు, ఖాళీ కాగితాలే ఉన్నాయి.

అత్తమ్మకు తెలుగులో చెప్పాను.

"అందరికి ఏడ్సింది. ఆమెకు ఎవలు లేకపాయిరి" అంది. "బిడ్డా, గా ముసలమ్మను చెక్క ఇంకోపారి కొట్టుమను."

చెప్పాను. చెక్క మోగింది. అందరూ మళ్ళీ లేచారు. అత్తమ్మ కూడా బల్ల ఆసరాతో లేచి, జారిన కొంగును తల మీదికి లాక్కుని, బొంగురుపోయిన గొంతుతోనే అందుకుంది.

"ఓ అక్కా... నీ పేరన్న జెప్పకపోతివే..."