ఎదురింటి గొంతు

మా మేనత్తను వీధంతా హలో అత్త అనే పిలుస్తారు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఇరవై ఆరేళ్ళు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, ఇక్కడి తీగ తీసి అక్కడ గుచ్చుతూ ఊరినంతా మాట్లాడించిన మనిషి. ఇద్దరినీ కలిపాక మొదటి హలో విని పక్కకు తప్పుకోవాలన్నది అక్కడి నియమం. మా అత్త ఇంకో రెండు మాటలు కూడా వినేదని నా అనుమానం. అడిగితే ఒప్పుకోదు.

ఎక్స్‌ఛేంజి మూతపడినా ఆవిడ ఇంటిపట్టున కూర్చోలేదు. ఇంటర్నెట్ మీద ఫోన్లు నడిపే అడాప్టర్ పెట్టెలు బిగించడం నేర్చుకుంది. అరచేతిలో ఇమిడేంత పెట్టె. ఒక పక్క పాత ఫోను తీగ, ఇంకో పక్క ఇంటర్నెట్ తీగ, నెత్తిన ఒక ఆకుపచ్చ దీపం. సంచీ భుజాన వేసుకుని కాలికి బలపం కట్టుకున్నట్టు ఇల్లిల్లూ తిరిగేది. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. తీగ పట్టి లాగితే చాలు, అదేమన్నా బట్టలారేసుకునే తాడా అని కసిరేది.

ఆ పెట్టె సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ కళ్ళు సగం మూతపడేవి. మాట అందులోకి వెళ్ళగానే చిన్న చిన్న ముక్కలవుతుందట. ప్రతి ముక్క మీదా చేరాల్సిన చిరునామా ఉంటుందట. అన్నీ సముద్రం అవతల కంపెనీ వాళ్ళ పెద్ద యంత్రం దాకా వెళితే, ఎవరిది ఎవరికో చూసి అది వెనక్కి పంపుతుందట. ఆ యంత్రమున్న గది తనకు కనబడుతుందనేది. మనుషులు లేని చల్లటి గది, బారులు తీరిన దీపాలు, వాటి మధ్యనుంచి ఎవరిదో "అన్నం తిన్నావా" అన్న ప్రశ్న మెల్లగా నడిచిపోతూ ఉంటుంది. నేను నవ్వితే అలిగేది.

పెట్టెలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకునే దారి కూడా ఉందని శిక్షణలో చెప్పారు. అత్త దాన్ని చెవిన పెట్టలేదు. మధ్యలో ఒకరుండి కలపకపోతే ఇద్దరి మాట ఎలా కలుస్తుందని ఆవిడ వాదన. అందుకే ప్రతి ఇంట్లోనూ ప్రతి ఫోన్ కాలూ ఆ పెద్ద యంత్రం మీదుగానే వెళ్ళేలా పెట్టింది.

మా వీధి చివర ఎదురెదురు మేడల్లో, మూడో అంతస్తుల్లో, ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఉండేవారు. అక్క కుట్టుపని నేర్పే టీచరు, చెల్లెలు గ్రంథాలయంలో పనిచేసింది. ఇద్దరివీ ఇప్పుడు మెట్లు దిగలేని మోకాళ్ళు. మధ్యాహ్నం మూడయ్యేసరికి రెండు కిటికీల కర్టెన్లూ తెరుచుకునేవి. వీధి ఇరుకు కాబట్టి ఒకరినొకరు చూసుకుంటూ ఫోనులో గంట మాట్లాడుకునేవారు. అక్కకు చెవులు సగం పోయాయి. చెల్లెలి పెదవుల కదలికనూ గొంతునూ కలుపుకుని ఆవిడ మాటను పట్టుకునేది. అలా చేస్తున్నానని ఆవిడకే తెలియదు.

పాత లైను తీసేసి అత్త రెండిళ్ళలోనూ పెట్టెలు బిగించింది. రెండు వారాల్లో అక్క మాటలు తడబడ్డాయి. చెల్లెలు ఒకటడిగితే ఆవిడ ఒకటి చెప్పేది. తర్వాత అక్క కిటికీకి కర్టెన్ పడింది. నెల తిరిగేసరికి, పెట్టె తీసుకుపొమ్మని అక్క దగ్గరనుంచి అత్తకు కబురొచ్చింది. నేనూ వెంట వెళ్ళాను.

"నా బుర్ర చెడిపోయిందమ్మా," అంది ఆవిడ, ఫోను వైపు చూడకుండా. "మా చెల్లి మాట కూడా తెలియడం లేదు. ఆ సంగతి తను గ్రహించకముందే ఫోను మానేస్తాను."

అత్త కర్టెన్ తీసింది. ఎదుటి కిటికీలో చెల్లెలు కుర్చీ వేసుకుని కూర్చునే ఉంది. ఈ నెలంతా మూడింటికి అలాగే కూర్చుంటోందని తర్వాత తెలిసింది. అత్త ఫోను కలిపి, చెల్లెల్ని ఒక్కసారి చప్పట్లు కొట్టమంది. ఎండలో ఆ రెండు చేతులూ కలవడం చూశాం. చేతులు విడిపోయాక, ఇంకా కాసేపటికి, రిసీవర్లో చప్పుడు వినిపించింది.

అత్త ముఖం పాలిపోయింది. దూరపు ఊళ్ళ కాల్స్ కలిపిన చెవి కదా, వెంటనే పట్టేసింది. ఇరవై అడుగుల దూరాన ఉన్న గొంతు సముద్రం దాటి వెళ్ళి తిరిగి వస్తోంది. పెదవులు ముందు, మాట వెనక. అక్కకు ఆ రెండూ అతకడం లేదు.

"మీ బుర్రకేం కాలేదండీ," అంది అత్త. "తప్పు నాది. ఎదురింటి మాటను ఊరంతా తిప్పాను."

ఈ పెట్టెకు ఆ పెట్టె చిరునామా చెప్పింది. మూడంతస్తులు దిగి, వీధి దాటి, మళ్ళీ మూడు ఎక్కి ఆ పెట్టెకు ఈ పెట్టె చిరునామా చెప్పింది. ఇక వీళ్ళిద్దరి మధ్యా పెద్ద యంత్రం లేదు. నేను అక్క దగ్గరే ఉండిపోయాను. ఫోను మోగింది. ఆవిడ తీయడానికి భయపడింది. నేనే తీసి చేతిలో పెట్టాను. ఎదుట పెదవులు కదిలాయి.

ఆవిడ కళ్ళు చెల్లెలి మీదే నిలిచిపోయాయి.

"ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావే?" అంది.

అటునుంచి వచ్చిన జవాబు నాక్కూడా వినబడింది. "ఎక్కడికీ పోలేదక్కా. ఇక్కడే కూర్చున్నాను."

నాకు ఏడుపొచ్చి కిందికి దిగిపోయాను. అత్త అప్పటికే వీధి మధ్యలో నిలబడి, సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని, పైకి చూస్తోంది. రెండు కిటికీల్లోనూ ఇద్దరూ ఒకేసారి నవ్వుతున్నారు. ఏం చూస్తున్నావని అడిగాను.

"నా నెత్తి మీదుగా మాట్లాడుకుంటున్నారే," అంది. "నాకొక్క ముక్క కూడా వినబడటం లేదు."

సంచీ ఎత్తుకోవడం మర్చిపోయి, ఇంకా చాలాసేపు అక్కడే నిలబడింది.