గుంజకు కట్టిన కత్తెర

తాత పోయాడని మొన్న మంగళవారం పొద్దున మనవరాలు ఫోన్ చేసింది. "నర్సమ్మా, తాత లేడు" అంది. నేను ఏదో అనేలోపే "నీకు ముందు చెప్పమన్నాడు" అని ఏడ్చింది. పోయే మనిషి, పోయాక ఎవరికి కబురు పెట్టాలో కూడా చెప్పిపెట్టాడన్నమాట. బస్సెక్కాను గానీ దారంతా ఆయన మీద కోపమే వచ్చింది నాకు. ఇంకో రెండేళ్లుంటే ఏం పోయింది!

ఆయన నాకు సొంత తాత కాదు. నేను ఊళ్లు తిరిగే గవర్నమెంటు నర్సుని. పులికాట్ చెరువు ఒడ్డున ఇరవై యానాది గుడిసెలు నా లెక్కలోకి వచ్చేవి. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే అక్కడ సట్టిమూతలు గలగలమంటాయి. వాన పడితే మాత్రం రోడ్డెక్కడానికి మోకాలి లోతు బురదలో నడవాలి. ఆ గుడిసెల్లో మొదటిది తాతది. ఊరందరికీ వలలు అల్లి, బాగుచేసి ఇచ్చేవాడు. నేనెప్పుడు వెళ్లినా తాటాకులో రెండు పీతలు చుట్టి బ్యాగులో పడేసేవాడు. వద్దంటే వినడు. అవి బస్సులో బయటపడి ఒకసారి కండక్టరు కాలు పట్టుకున్నాయి. ఆ కథ చెప్పినప్పుడల్లా తాత కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వేవాడు.

కొడుకూ కోడలూ రొయ్యల గుంటల కాపలాకు పోతే, వాళ్ల బిడ్డను తాతే సాకేవాడు. అప్పుడు దానికి ఆరేళ్లు. కడుపునొప్పని మెలికలు తిరిగేది. తిండి తినదు, మొహం పాలిపోయి ఉంటుంది, ఊరికే చిరాకుపడి ఏడుస్తుంది. రక్తం లేదనుకున్నాను. ఐరన్ మందు ఇచ్చాను, నులిపురుగుల బిళ్లలు ఇచ్చాను. నెలలు గడిచినా బిడ్డలో మార్పు లేదు.

నాకు నోరెక్కువ. ఒకరోజు అందరి ముందూ తాతను పట్టుకుని దులిపేశాను. నేనిచ్చే బిళ్లలన్నీ కాకులకు వేస్తున్నావా, మీకు ఎన్నిసార్లు చెప్పినా ఇంతేనా అన్నాను. తాత లేచాడు. లోపలికెళ్లి ఒక గుడ్డమూట తెచ్చి నా ముందు విప్పాడు. ఖాళీ బిళ్లల అట్టలు. ఆయనకు చదువు రాదు. బిడ్డ మింగిన ప్రతి బిళ్ల అట్టనూ దాచిపెట్టాడు. "లెక్కబెట్టుకో నర్సమ్మా" అన్నాడు నెమ్మదిగా.

తర్వాతి నెలలో మధ్యాహ్నం పూట వెళ్లాను. అంతకుముందెప్పుడూ పొద్దున్నే వెళ్లి వచ్చేసేదాన్ని. తాత చూరు కింద వల ఒళ్లో వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా మనవరాలు. విసురువల అంచుకు సీసం గుండ్లు కడతారు, వల బరువుగా మునగడానికి. పాత లారీ బ్యాటరీలు పగలగొట్టి, ఆ సీసాన్ని ఇంట్లోనే కరిగించి, ఇసకలో పోసి చిన్న ముక్కలు చేసుకుంటారు. ముక్కను తాడు చుట్టూ మడిచి పంటితో కొరికితే బిగుసుకుంటుంది. వాళ్ల నాన్నలూ తాతలూ అట్లాగే చేశారు. తాత ఒక ముక్క కొరికాడు. మనవరాలు ఒక ముక్క కొరికింది.

"సూడు నర్సమ్మా, నా పండ్లు కదుల్తుండాయి. ఈ బిడ్డ కొరికితే ఒక్క గుండు గూడా జారదు" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం ఎంత మురిసిపోయిందో! మనవరాలికి అప్పుడే పని వచ్చేసిందని గర్వం.

పక్కనే పొయ్యి. సీసం కరిగించిన గరిటె ఆ పొయ్యి మీదే ఉంది. అదే పొయ్యి మీద అన్నం వండుతాడు, నాకు టీ కాస్తాడు. ఎన్నిసార్లు తాగానో. తాత చిగుళ్ల మీద నల్లటి గీత ఉంటుంది, సీసం ఒంట్లో చేరినా అట్లా వస్తుందని తట్టక, అది పొగాకు వల్లేనని నేనే తేల్చేసుకున్నాను. కళ్లుండి ఏం లాభం, తిట్టడానికి మాత్రం ముందుంటాను.

ఇద్దర్నీ సూళ్లూరుపేటలో బస్సెక్కించి తిరుపతి తీసుకెళ్లాను. పెద్దాసుపత్రిలో రక్తం తీసి పంపారు. మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరమ్మ కాగితం చూసి, బిడ్డ రక్తంలో సీసం చాలా ఉందని చెప్పింది. మందులు ఇస్తాను గానీ ముందు ఇంట్లోంచి సీసం పోవాలి, అది ఉండగా ఏ మందూ పని చెయ్యదు అంది. తాతకు అర్థమయ్యేట్టు నేను మళ్లీ చెప్పాను. తలూపాడు. తిరుగు బస్సులో బిడ్డ ఆయన ఒళ్లో నిద్రపోయింది. నాయుడుపేట దాటాక అడిగాడు.

"నా చేత్తో నేనే పెట్టినానా నర్సమ్మా?"

తెలియక చేశావులే తాతా అన్నాను. ఆయన బిడ్డ తల మీద చెయ్యి వేశాడు. "తెలియక చేసింది సరే. తెలిసినాక దాపెట్టేది ఉండాదే, అది తప్పు" అన్నాడు.

మర్నాడే వలకున్న గుండ్లన్నీ కోసేశాడు. పొయ్యిలో మట్టి, చుట్టూ ఉన్న మట్టి జానెడు లోతు తవ్వి బిడ్డ తొక్కని చోట పూడ్చాడు. కొత్త పొయ్యి వేశాడు. తీసిన సీసం ఏం చెయ్యాలి? నీళ్లలో పారేస్తే చేపల్లోకి పోతుంది, అమ్మితే ఇంకో ఇంటి పొయ్యి మీదికి పోతుంది అని డబ్బాలో పోసి మూత బిగించి నాకిచ్చాడు. నేను రెండు ఆఫీసులు తిరిగాను. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆఖరికి గూడూరులో బ్యాటరీలు మార్చే షాపతను, కంపెనీకి తిరిగి పంపే పాతవాటితో పాటు తీసుకున్నాడు.

గుండ్లు లేని వల ఎందుకు పనికొస్తుంది? తాత బంకమట్టితో గుండ్లు చేసి కాల్చాడు. అవి తేలిక, వల నిదానంగా మునుగుతుంది, చేప తప్పించుకుపోతుంది. రాళ్లకు తగిలితే పగులుతాయి. ఆ ఏడాది ఇంట్లో చాలా రోజులు గంజే తాగారు. అందరూ నవ్వారు. నవ్విన ప్రతి గుడిసె ముందుకూ తాత మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్లాడు. నా బిడ్డ కడుపులోకి ఇసం నేనే ఎక్కించినా, మీరు చెయ్యబాకండి అని చెప్పుకున్నాడు. తన తప్పును ఇంటింటికీ తిరిగి చెప్పుకునే మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. చదువుకున్నవాళ్లలో అసలే చూడలేదు.

ఆ తర్వాతే కత్తెర కొన్నాడు. నోటికి అలవాటైన పని ఊరికే పోదని ఆయనకు తెలుసు. తన ఇంట్లో సీసం పోయినా బాగుకొచ్చే ఊరివాళ్ల వలలకు ఇంకా ఉంది, దారం కొరకడానికి అవి నోటి దగ్గరికి వస్తాయి గదా! అందుకని కత్తెరకు నైలాన్ దారం కట్టి, చూరు కింద గుంజకు వేలాడదీశాడు. బిడ్డకు అందే ఎత్తులో. అది ఎదిగేకొద్దీ ముడి విప్పి కొంచెం కొంచెం పైకి కట్టేవాడు. మెల్లగా మిగతా గుడిసెల్లోనూ కత్తెరలు వేలాడాయి. కొందరు మట్టి గుండ్లు కట్టారు, కొందరు ఇనప గొలుసు ముక్కలు కట్టారు. ఒకరిద్దరు ఇప్పటికీ సీసమే వాడతారు. ఉన్నమాట చెప్పాలి కదా.

మనవరాలికి నొప్పి తగ్గింది, మొహంలోకి రక్తం వచ్చింది. చదువు మాత్రం అంత త్వరగా రాలేదు. ఎక్కాలు ఇప్పటికీ మర్చిపోతుంది. దానికి నేను బాధపడితే తాత నన్నే ఓదార్చేవాడు. "నిదానంగా వచ్చే చేప గూడా వల్లోకే గదా నర్సమ్మా వచ్చేది" అనేవాడు. ఇప్పుడది తొమ్మిది చదువుతోంది. తాత మాత్రం తన రక్తం చూపించుకోనన్నాడు. మణికట్టులో పట్టు పోయింది, పోయిన ఏడాది కిడ్నీలు చెడ్డాయి. సీసం వల్లేనా అంటే డాక్టర్లు గట్టిగా చెప్పలేమన్నారు. నేనూ చెప్పలేను. కానీ ఆ బిడ్డకు రక్తం తీసిన రోజే ఈయనకూ సూది గుచ్చించనందుకు నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. జనం చెరువు వైపు స్నానాలకు వెళ్లారు. మనవరాలు చూరు కింద, తాత కూర్చునే చోట, సగంలో ఆగిన వల ముందేసుకుని కూర్చుంది. ఇది పక్క గుడిసె వాళ్లది, రేపు వాళ్లకు కావాలంట అంది. పక్కన చేటలో తాత చేసి కాల్చిన ఆఖరి గుండ్లు ఉన్నాయి. నేను ఏమీ అనకుండా పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్లలో మొదటిసారి అనుకుంటా.

ఒక గుండు ఎక్కించింది. ముడి వేసింది, లాగి బిగించింది. మొహం నిండా కన్నీళ్లు, చూపు కూడా సరిగా ఆనడం లేదు. అయినా తల ఎత్తకుండానే చెయ్యి పైకి చాచి, గుంజకున్న కత్తెర అందుకుని దారం కత్తిరించింది. వదిలేసిన కత్తెర గుంజ దగ్గర కాసేపు ఊగుతూ ఉండిపోయింది.